మూడు బంగళాల తలుపు

తలుపుకు నిన్న వేసిన రంగు కోటు శుభ్రంగా ఆరిపోయింది. అక్కడితో ఆగి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. కానీ బుచ్చయ్య ఆగే మనిషైతే గదా! తెల్లవారుజామునే సూర్యాపేట బంగళా వరండాలో చేరి, తలుపుకు రెండువైపులా ఇంకో కోటు ఆకుపచ్చ రంగు పులుముతున్నాడు. బక్కపలచని వడ్రంగి. కళ్లజోడు ముక్కు కొసకు జారింది. ఏళ్ల తరబడి కర్ర మోసీ మోసీ కుడి భుజం ఎడమదానికంటే కిందికి దిగిపోయింది.

"బావా, ఇగ సాలు తియ్యి. ముసురు వట్టింది. గది ఎప్పుడు ఆరాలె?" అన్నాడు ట్రాలీ ఆటోకు ఆనుకుని బీడీ కాలుస్తున్న సాంసన్. బుచ్చయ్య భార్య సత్తెమ్మకు తమ్ముడతను.

"పెద్ద మేడం వస్తున్నది రా! తలుపు అద్దం లెక్క మెరవాలె గద!"

ఆత్రగాడికి బుద్ధి మట్టు అని ఊరికే అన్నారా పెద్దలు?

ఈ తలుపు సంగతి కొంచెం చెప్పుకోవాలి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, మూడు ఊళ్లలోనూ ఒకే ఏడాది ఒకే నక్షాతో కట్టిన మూడు సర్కారు బంగళాలున్నాయి. తనిఖీల దౌరాకు వచ్చిన అధికారులు రాత్రి పండుకోవడానికి కట్టినవి. మరమ్మతులకని ఏటా వచ్చే డబ్బు సున్నానికే సరిపోదు. చెదలు మూడు బంగళాల ముందు తలుపులనూ తినేశాయి. కొత్తవి కావాలని అడిగీ అడిగీ ఇంజినీరు వీరేందర్ నోరు పడిపోయింది. అప్పుడు బుచ్చయ్య ఆ మూడింట్లో బతికి ఉన్న టేకు పలకలన్నీ ఏరి, చిత్రిక పట్టి, ఒక్క తలుపు చేశాడు. చీల లాగితే ఊడి వచ్చేలా మడతబందులు బిగించాడు. అప్పట్నుంచి ఏ ఊరికి పెద్దవాళ్లొస్తే ఆ ఊరి బంగళాకు తలుపు, మిగతా రెండింటికీ రేకు. ఎవరూ ఒకే రోజు రెండు ఊళ్లు చూడలేదు కాబట్టి గుట్టుగానే సాగిపోయింది.

ఇప్పుడు కొత్తగా వచ్చిన పెద్ద ఇంజినీరు సింధూజ మేడం ఒక్కరోజులో మూడూ చూస్తానంది. పనికిరాదనిపించిన దానికి తాళం వేయిస్తుందట. మిర్యాలగూడ బంగళా వెనక గదిలోనే బుచ్చయ్య కాపురం. సత్తెమ్మ అక్కడ ఊడుస్తుంది, వచ్చినవాళ్లకు వండి పెడుతుంది. ఆ బంగళాకు తాళం పడితే మొగుడూ పెళ్లాం రోడ్డున పడ్డట్టే.

ఇంకొకడైతే దిగులుతో కుప్పకూలేవాడు. బుచ్చయ్యకు మాత్రం పండగ ముందు పిల్లాడిలా ఒకటే సంబరం. తన తలుపు ఒక్కరోజులో మూడు గడపలు ఎక్కబోతోంది!

మేడం రానే వచ్చింది. తలుపు మూసి ఉంచమన్నది బుచ్చయ్యే, మెరుపు చూడాలని. వానకు నాచు పట్టిన మెట్టు మీద మేడం కాలు జారింది. పడబోతూ కుడిచేయి తలుపుకేసి ఆనించింది. "అయ్యో, పచ్చి రంగు!" అని చేతిరుమాలుతో తుడుచుకుంటూ లోపలికి పోయింది. ఆకుపచ్చ రంగులో అయిదు వేళ్లూ అచ్చు గుద్దినట్టు పడ్డాయి.

మేడంను వీరేందర్ టిఫినుకు తీసుకుపోగానే బుచ్చయ్య చీలలు లాగి, తలుపు దించి, చొక్కా చేతితో ఆ గుర్తును తుడవబోయాడు.

"ముట్టకు బావా, ఇంకా ఖరాబైతది. నడువ్, నడువ్!"

ట్రాలీ ఆటో కోదాడ దారి పట్టింది. వెనక తలుపును నిలబెట్టి, వాన పడకుండా పట్టా పైకెత్తి పట్టుకుని బుచ్చయ్య నిలబడ్డాడు. లారీలు నీళ్లు చిమ్ముతుంటే వాటిని తిడుతున్నాడు, నవ్వుతున్నాడు. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది. ఎదలో మంట. పొద్దున తిన్న మిరపకాయ బజ్జీల మీదికి నెట్టేశాడు.

"ఏందయ్యా బుచ్చయ్యా, పెళ్లికొడుకుని ఊరేగించినట్టు తెచ్చావే!" అన్నాడు కోదాడ వాచ్‌మన్ వెంకటనర్సయ్య.

అక్కడ ఉపాయం తట్టింది. వరండా వైపు తెరుచుకునే తలుపు కదా, బార్లా తెరిచి గోడకు ఆనిస్తే వేళ్ల గుర్తు గోడవైపు దాక్కుంటుంది. మేడం చూసింది, లోపలికెళ్లింది, బయటికొచ్చింది. "తలుపు బాగుంది," అని కూడా అంది. బుచ్చయ్య గోడ చాటున ఎగిరి గంతేశాడు.

మేడం ఊళ్లో భోజనానికి కూర్చునేసరికి వీళ్లు తలుపు ఊడదీసుకుని హుజూర్‌నగర్ దాటేశారు. మిర్యాలగూడలోకి వచ్చాక మాత్రం బండి ఆగిపోయింది. బియ్యం మిల్లుల లారీలు దారి పొడుగునా నిలిచిపోయాయి. హారన్లు, అరుపులు.

"దింపు," అన్నాడు బుచ్చయ్య.

"పాగల్ అయినవా బావా? గంత బరువు!"

"గదేమన్న పరాయిదా? దింపు రా!"

వేళ్ల గుర్తున్న ముఖం పైకి పెట్టి, లోపలి ముఖాన్ని భుజానికెత్తుకుని వంగి నడిచాడు. వెనక కొస సాంసన్ పట్టుకున్నాడు. లారీల సందుల్లోంచి బావా బామ్మర్దులు తలుపు మోసుకుపోతుంటే హమాలీలు ఈలలు వేశారు. బుచ్చయ్య వాళ్లకు చెయ్యూపాడు. ఊపిరి అందడం లేదు, అయినా ఊపాడు.

సత్తెమ్మ రేకు ఎప్పుడో పక్కన పెట్టి గుమ్మంలో నిలబడి ఉంది. మొగుణ్ణి చూసి నోరు నొక్కుకుంది.

"మొకమేంది గట్ల పాలిపోయింది? జర కూసో."

"కూసునుడేంది, మేడం వస్తుంటే!"

చివరి చీల దిగ్గొట్టాడు. ఇక తెరిచి గోడకు ఆనిస్తే సరిపోయేది. కానీ ఆ తలుపు మూసుకునేటప్పుడు 'టక్' మని ఒక చప్పుడు చేస్తుంది, గట్టిదనం తెలిపే చప్పుడు. అది వినకుండా ఉండలేడు. లోపల నిలబడి ఒక్కసారి దగ్గరికి లాగాడు. టక్! కళ్లు మూసుకుని విన్నాడు.

సరిగ్గా అప్పుడే బయట కారు ఆగింది.

మేడం మెట్లెక్కి మూసిన తలుపు ముందు నిలబడిపోయింది. తన కుడి అరచేతిని తిప్పి చూసుకుంది. ఎంత తోమినా వదలని ఆకుపచ్చ. ఆ చేతిని మెల్లగా తలుపు మీది గుర్తుకు ఆనించింది. వేలికి వేలు సరిపోయింది.

"వీరేందర్ గారూ, పొద్దున సూర్యాపేటలో నేను ముట్టుకున్న తలుపు నాకంటే ముందే ఇక్కడికెలా వచ్చిందండీ?"

తలుపు తెరుచుకుంది. భుజమంతా రంగు పూసుకుని బుచ్చయ్య బయటికొచ్చాడు.

"సారును ఏమనకుండ్రి అమ్మా. మూడు బంగ్లలకు గీ ఒక్క తలుపే ఉన్నది. మూడు తలుపులు సచ్చినంక, బతికిన ముక్కలతోని నేనే చేసిన. ఈడ తాళమేస్తే మా సత్తెమ్మ యాడికి వోతది?"

మేడం తలుపు పట్టుకుని తానే మూసింది. టక్! మళ్లీ తెరిచి మూసింది. ఆ తర్వాత నవ్వు మొదలైంది. ఆపుకుందామన్నా ఆగక కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది.

"కోదాడలో తలుపు బాగుందన్నాను. ఇప్పుడేం రాయమంటారు?"

"ఉన్నది ఉన్నట్టు రాయుండ్రి."

"అలాగే. మూడింటికీ తలుపు ఒక్కటేనని రాస్తాను. మిగతా రెండు చేయించేదాకా ఏ బంగళాకూ తాళం పడదు. కానీ ఆ రెండూ మీరే చెయ్యాలి."

బుచ్చయ్య తలూపాడు. ఏడుపో నవ్వో తెలియని ముఖంతో అలా ఊపుతూనే ఉన్నాడు. కారు వెళ్లిపోయాక వరండా స్తంభానికి ఆనుకుని కూలబడి, "టేకు మంచిది దొరకాలె," అన్నాడు. "సూర్యాపేటకు పువ్వుల చెక్కుడు వెడతా. కోదాడకు సాదాగ మస్తుంటది." సత్తెమ్మ ఇచ్చిన చాయ్ పక్కన పెట్టుకున్నాడు.

"ఓసారి తలుపు దగ్గరికెయ్యి. సప్పుడు ఇందాం."

పిచ్చి మొగుడనుకుంటూ సత్తెమ్మ లోపలికెళ్లి లాగింది. టక్ మంది.

"ఇన్నవా?" అంది లోపల్నుంచి. జవాబు రాలేదు. మురిసిపోతున్నాడనుకుని ఇంకోసారి తెరిచి మూసింది. "ఇన్నవా, ఓయ్?"

చాయ్ చల్లారిపోయింది.

మేడం మాట తప్పలేదు. సూర్యాపేటకూ కోదాడకూ దుకాణంలో కొన్న తలుపులు వచ్చాయి, చేయాల్సిన చెయ్యి లేదు కాబట్టి. మిర్యాలగూడకు రంగు వెయ్యడానికి వచ్చినవాళ్లను మాత్రం సత్తెమ్మ గుమ్మం దగ్గరే ఆపేసింది.

"గోడలకు ఎంతన్న వేస్కోండ్రి. తలుపు జోలికి రాకుండ్రి."

ఆ తలుపు ఇప్పుడు ఎక్కడికీ పోదు. బయటివైపు మేడం అయిదు వేళ్లు. లోపలివైపు, గడియకు కాస్త కింద, చొక్కా నేతపోగులతో సహా ఆకుపచ్చ రంగులో దిగబడిపోయిన ఒక కుడి భుజం.