సావు వెట్టి

వెట్టి ఎన్ని తీర్ల ఉంటదో ఎల్లారెడ్డి దిక్కు పుట్టినోల్లకు వేరే చెప్పే పని లేదు. కుర్మోల్లు దొర గడీకి ఏటేటా గొంగడి ఇయ్యాలె, పండుగకు పొట్టేలు తోలాలె. చాకలోల్లు బట్టలు పిండాలె, కుమ్మరోల్లు కుండలియ్యాలె. దొరసాని పుట్టింటికి పోతే మేనా మోసెటోల్లు మోయాలె. ఇవన్ని హన్మవ్వకు పుట్టినకాడికెల్లి ఎరుకే. గని కట్టుకున్న మొగడు పోయి సచ్చినట్టు పండుకునుడు సుత వెట్టి కిందికే వస్తదని ఆమె కలల సుత అనుకోలే.

గది జర్మనోని లడాయి మొదలైన యేడు. దొర పట్నం పోయి ఏదో పెద్దింటోల్ల దేవిడిల గోడంత పటం చూసొచ్చిండు. ఆ దేవిడాయన, ఆయన పెండ్లాం రాజు రాణి లెక్క ఏషాలు కట్టి నిలబడితే, ఎవరో బొమ్మలాయన రంగులతోని దించిండట. చూసొచ్చినప్పటిసంది దొరకు అన్నం సైసలే. పట్నం నుంచి ఆ బొమ్మలాయననే పిలిపిచ్చిండు. ఆయన రైల్ల కామారెడ్డి టేషన్ల దిగితే, పెట్టెలు మూటలు ఎడ్ల కచ్చరంల ఏసుకొని తోలుకొచ్చింది హన్మవ్వ బావ మైసన్న. అది సుత వెట్టే. తోవ పొడుగునా ఆ పెట్టెలను పసిపోరన్ని పట్టుకున్నట్టు పట్టుకొమ్మన్నడట బొమ్మలాయన.

ఆయన బొంబాయి అచ్చు పటాలు ఓ కట్ట తెచ్చిండు. ఏ కథ కావాల్నో ఏరుకోమన్నడు. దొరసాని ఏటేటా సావిత్రి నోము పట్టేటామె, అందుకని సావిత్రి పటమే కావాలన్నది. అడివిల మొగడు సచ్చి పడుంటడు, పెండ్లాం తల తొడ మీద పెట్టుకొని ఏడుస్తుంటది, పక్కన యముడు పాశం పట్టుకొని నిలబడుంటడు. గా పటం.

దొర సత్యవంతుడు కావాలె గదా మరి. అయ్యగారు పంచాంగం ముట్టకముందే వద్దన్నడు. బతికున్న మనిషి సచ్చినట్టు పండుకుంటె అరిష్టమట, ఆయుష్షు తరుగుతదట. అప్పుడు దొర పటం దిక్కు మల్లొకపారి చూసిండు. అండ్ల కిరీటం ఎవనికున్నది? యమునికి. నగలెవనికున్నయి? యమునికి. అందరికన్న ఎత్తుల నిలబడ్డదెవడు? వాడే. ఇంకేంది, దొర యముడైండు. ఆయనకు ఏషం కట్టే పనే లేదని కుర్మవాడల ఆడోల్లు చెంగులు నోట్ల పెట్టుకొని నవ్విన్రు.

మరి సచ్చేటోడు ఎవడు? పొడుగ్గ ఉండాలె, తెల్లగ ఉండాలె, జుట్టు వంకులు తిరిగి ఉండాలె. దొర కండ్లల్ల బీరయ్య పడ్డడు. దొరసాని పోయి గొర్లు కాసేటోని తల తొడ మీద పెట్టుకోదు గదా. అందుకని బీరయ్య పెండ్లాం హన్మవ్వ సుత రావాలన్నరు. కూసునుడు హన్మవ్వ కూసోవాలె, మొఖం మటుకు తర్వాత దొరసానిది దించుతరట.

కబురు ఇంటికొచ్చినప్పుడు హన్మవ్వ ఉన్ని ఏకుతున్నది. చేతుల ఉన్ని చేతులనే ఉండిపోయింది.

"పండుకునుడేగదనే. గొర్లెంట ఉరుకుడుకన్న నయ్యమే," అన్నడు బీరయ్య. ఆయనకు ఏదన్న నయ్యమే. గసోంటి మనిషి.

"నీకేమన్న బుద్ధున్నదా మావా? దొర పండుకుంటె అరిష్టమట. నువ్వు పండుకుంటె కాదా? ఆయనదే ఆయుష్షు, మనది గడ్డా? బతికున్న మొగన్ని తొడ మీద ఏసుకొని నేను ఏడ్వాల్నా? గొంగల్లు ఇచ్చినం, పొట్టేల్లు ఇచ్చినం. ఆఖరికి సావు సుత వెట్టికి ఇయ్యాల్నా?"

"మల్లయ్య సంగతి యాదికున్నదా?" అని మటుకు అన్నడు బీరయ్య.

ఎందుకు లేదు? పోయిన యేడు గౌండ్ల మల్లయ్య వెట్టికి రానన్నడని గడీలకు గుంజుకపోయిన్రు. ఆయన మంచం మీద బయటికి వచ్చిండు. కడుపునొప్పి లేసి సచ్చిండని దొర చెప్పిండు. ఊరు ఊరంత అవునన్నది. హన్మవ్వ సుత అవునన్నది.

తెల్లారినంక ఇద్దరు గడీకి పోయిన్రు.

దొరసాని కాడ పనిచేసే రుక్మాబాయి జుక్కల్ దిక్కు మరాఠామె. దొరసాని పాత జరీచీర తెచ్చి, తమ దిక్కు కట్టినట్టు కాసె పోసి హన్మవ్వకు కట్టింది. నాటకపోల్లు ఇడిసిపోయిన పూసల దండలు మెడల ఏసింది. బీరయ్య గొంగడి, తలగుడ్డ తీసేపిచ్చి నడుముకు పట్టుపంచె చుట్టి, నడిమి వాకిట్ల ఆకులు పరిచి పండవెట్టిన్రు. దొర అట్టకిరీటం పెట్టుకొని, మీసాలకు మసి రాసుకొని వచ్చిండు. దున్నపోతును సుత తెచ్చి కట్టేసిన్రు. గడీల ఎవ్వరి మాట ఇననిది అదొక్కటే. నిలబడుమంటె పండుకున్నది.

ఇగ పాశం కావాలె. బొమ్మలాయన చుట్టు చూసి, దున్నపోతు పలుపునే ఇప్పి ఓ కొస బీరయ్య మెడకు ఏసిండు, ఇంకో కొస దొర చేతికిచ్చిండు. గొడ్డుకు ఏసేది మనిషికి ఏసిన్రు, ఏసి చూడముచ్చటగ ఉన్నదని మురుస్తున్రు. థూ, వీల్ల మురిపెం పాడుగాను అని హన్మవ్వ లోపటనే తిట్టుకున్నది.

జరసేపటికి గుర్రు ఇనవడ్డది. బీరయ్య నిద్రవోయిండు.

"శవం గురక పెట్టదయ్యా," అన్నడు బొమ్మలాయన విసుక్కుంట.

దొర పలుపు గుంజిండు. బీరయ్య ఉలిక్కిపడి లేసి, మల్ల పండుకున్నడు. ఈపారి ఊపిరి సుత బిగవట్టిండు. నిద్ర రాకుండ గట్ల పండుకున్న మొఖం అచ్చం సచ్చినోని మొఖమే అయింది. హన్మవ్వ ఆ మొఖం చూడలేక స్తంభం దిక్కు చూసింది.

"కిందికి చూడమ్మా. ఏడ్వాలె నువ్వు," అన్నడు బొమ్మలాయన.

"నా మొగడు బతికున్నడు. నేనెందుకు ఏడుస్త?"

"ఏమే హన్మీ, నోరు లేస్తున్నది? ఏడ్వమంటె ఏడ్వాలె," అన్నడు దొర.

ఏడ్వమన్నడని కాదు, ఏడ్వమనేటందుకు వానికి హక్కున్నదే అని ఆమెకు దుఃఖం తన్నుకొచ్చింది. కోపం నోట్లెకెల్లి రానీయకుంటె కండ్లల్లకెల్లి వస్తది. బొటబొట కారినయి. బొమ్మలాయన సంబురపడి, కదలకు కదలకు అనుకుంట గీసుడు మొదలువెట్టిండు.

సరిగ్గ అప్పుడే పాలు పోసే గంగాబాయి వాకిట్లకు వచ్చింది. బొమ్మలాయన బొమ్మ గీసే గుడ్డ ఎన్క ఉన్నడు, ఆమెకు కనవడలే. కనవడ్డదేంది? బీరయ్య నేల మీద పడున్నడు. మెడకు పలుపున్నది. పలుపు కొస దొర చేతిల ఉన్నది. హన్మవ్వ ఏడుస్తున్నది. గంగాబాయి పాలచెంబు ఆడనే పెట్టి ఎనకకు తిరిగింది, కుర్మవాడ దాక ఆగలే. ఎన్కనే గడీ తలుపులు మూసిన్రు.

లోపలోల్లకు ఇదేం తెల్వదు. పగటిదాక బొమ్మలాయన గీసిండు, అన్నం తిన్నంక మల్ల గీసిండు. హన్మవ్వ తొడలు తిమ్మిరెక్కినయి. పొద్దు గుంకేటాలకు దీపాల కోసమని దర్వాజ తీసిన సాయన్న, తీసినట్టే ఉరికొచ్చిండు. ఆయన గడీ కావలిమనిషి, ఎన్నో చూసినోడు. గని ఆయన మొఖంల నెత్తురు లేదు.

"కుర్మోల్లు వచ్చిన్రు దొరా. పొద్దటికెల్లి దర్వాజ ముందటనే కూసున్నరట. పీన్గును ఇమ్మంటున్రు."

"ఎవని పీన్గురా?"

"బీరిగనిది దొరా."

బీరయ్య లేసి కూసున్నడు. దొర కొద్దిసేపు అర్థం కానట్టు చూసి, కిరీటం సుత తీయకుంట గడప దాటి బయటికి వచ్చిండు. చేతిల పలుపు కొస అట్లనే ఉన్నది.

బయట వాడవాడంత కూసోని ఉన్నది. గొంతు లేపి ఏడిస్తె దొరకు కోపమొస్తదేమోనని ఆడోల్లు చెంగులు నోట్ల కుక్కుకున్నరు. పొద్దటికెల్లి ఒక్కలు తలుపు కొట్టలే. మైసన్న లేసి చేతులు జోడిచ్చిండు.

"మా తమ్మున్ని ఇస్తె తీస్కపోతం దొరా," అన్నడు. గంతే అన్నడు.

"అన్నా, నేను మంచిగనే ఉన్న," అనుకుంట బీరయ్య పట్టుపంచెతోని, మెడల పలుపుతోనే ఎనకనుంచి వచ్చిండు, ఆయనెంట హన్మవ్వ. హన్మవ్వ తల్లి భూదవ్వ, గాంధారి తోవల ఉన్న ఊరికెల్లి కబురందుకొని పడుకుంట లేసుకుంట వచ్చింది. ఆమె అల్లుని మొఖం, చేతులు, మెడ తడిమి తడిమి చూసింది. మెడ మీద పలుపు ఒరుసుకున్న గీత కాడ వేలు ఆపింది.

దొరకు అప్పుడు సమజైంది. మొఖం గంటు పెట్టిండు.

"అంటే నేను సంపిన్ననుకున్నరా? ఎవడు చెప్పిండు మీకు?"

భూదవ్వ తలెత్తింది.

"ఎవ్వరు చెప్పలే దొరా. గడీల పడున్నడంటె వచ్చినం. ఎట్ల సచ్చిండని మేం ఒక్కలం సుత అడుగలే."

దొర నవ్వబోయిండు, మూతి రాలే. "సరే, పోండ్రి ఇగ. బొమ్మ ఇంకా కాలే. బీరిగా, రేపు పొద్దుగాల వచ్చి పండుకో," అన్నడు.

రేపు. మల్ల రేపు. ఏం అందామని హన్మవ్వ తల్లి దిక్కు తిరిగిందో, తల్లి సంకల ఉన్న మూట అప్పుడు చూసింది. భూదవ్వ దాన్ని గొంగడి కిందికి తోయబోయింది.

"ఏందే అవ్వా అది?"

"ఏం లేదు బిడ్డా."

ఏం లేకుంటెనా. మొగడు సచ్చిన బిడ్డకు పుట్టింటోల్లు తెచ్చే తెల్లచీర. సాలె బాలమల్లు మగ్గం మీదికెల్లి అప్పటికప్పుడు కోసిచ్చిండట. ఇంకా గంజి వాసన పోలేదు. ఎవని ముచ్చట తీరనీకి తన మొగడు పండుకున్నడో, ఆ ముచ్చటకు తన తల్లి ఈ చీర సంకల పెట్టుకొని ఇంత దూరం ఏడ్సుకుంట నడిచింది. హన్మవ్వ మూట గుంజుకొని చీర ఇప్పింది. ఇప్పి, గడీ గడప మీద ఈ కొస నుంచి ఆ కొసకు పరిచింది. దొర బయట, ఇల్లు లోపల, నడుమ చీర.

"ఏం జేస్తున్నవే?"

"మా కుర్మోల్లల్ల సావుకు తెచ్చిన చీర మల్ల ఇంటికి పోదు దొరా. ఎవ్వరికి ఇయ్యరాదు, చింపరాదు. సావు యాడైతే ఆడనే ఉండాలె. మా ఇంట్ల సావు కాలే. మీ వాకిట్లనే అయింది."

"సాయిగా, తీయ్‌రా దాన్ని," అన్నడు దొర.

సాయన్న ఒక్కడుగు ఎనకకు ఏసిండు. "నాకు పిల్లలున్నరు దొరా," అన్నడు మెల్లగ. దొర దర్వాజ లోపట నిలబడ్డ బొమ్మలాయన దిక్కు చూసిండు. ఆయన పట్నపోడే గని, ఆయన సుత కుంచెలు తుడుసుకుంట తల వంచుకున్నడు. ఇగ దొరనే దాటాలె. పెండ్లాం ముండమోసినప్పుడు కట్టే చీరను తన గడప మీద తనే తొక్కాలె. కిరీటం పెట్టుకున్న యముడు తన ఇంటి ముందట తను నిలబడిపోయిండు, లోపలికి పోయే తోవ లేదు.

దర్వాజ ఎనక గాజుల చప్పుడైంది. దొరసాని. ఆమె చీర దిక్కు చూసి మెడల పుస్తె పట్టుకున్నది.

"దాన్ని తీయమ్మా హన్మవ్వా. నీకు దండం పెడ్త," అన్నది.

గడీల ఎవరన్న ఆమెను హన్మీ అనకుంట పిలుసుడు అదే మొదలు.

"మీకు ఎంత భయమైతున్నదో దొరసానమ్మా, నాకు పొద్దటికెల్లి గంతే అయింది," అన్నది హన్మవ్వ. "నా మొగన్ని మల్ల పండవెట్టనని దొరను అనుమనండ్రి. తీస్త."

దొర పండ్లు కొరికిండు. పెండ్లాం మొఖం చూసిండు, చీర చూసిండు, వాడంతా తన దిక్కు చూసుడు చూసిండు.

"ఇగ వాన్ని పిలువ. పో," అన్నడు.

హన్మవ్వ చీర తీసి గడప దాటి లోపలికే పోయింది. నడిమి వాకిట్ల పటం ఇంకా పచ్చిగనే ఉన్నది. అండ్ల సావిత్రికి మొఖం లేదు. తొడ మీద పండుకున్నోనికి ఉన్నది, అచ్చం బీరయ్యదే. ఆమె దాని మీద తెల్లచీర కప్పి కొసలు సవరిచ్చింది.

"సచ్చినోడు ఈ పటంలనే ఉన్నడు," అన్నది. "ఇది వానిది."

పూసల దండలు తీసి ఆడనే పెట్టి, బయటికొచ్చి మొగని మెడకున్న పలుపు ముడి ఇప్పి పారేసి, జరీచీరతోనే ఇంటికి నడిచింది. మర్నాడు పొద్దుగాల్నే బొమ్మలాయన మైసన్న కచ్చరంల కామారెడ్డి టేషన్‌కు పోయి రైలెక్కిండు. ఆ చీర తీసేటోడు గడీల ఎవ్వడు దొరకలేదట, పటాన్ని చీరతోనే కొట్టంల పెట్టి తాళమేసిన్రట. దొర ఊకున్నడా అంటె ఊకోలే, ఆ యేడు ఇంకో గొంగడి ఎక్కువ గుంజుకున్నడు. గుంజుకోనీ. గొంగడి నేస్తే అయితది.

పుకారు సావు సస్తె ఆయుష్షు పెరుగుతదని భూదవ్వ ఊరంత చెప్పుకుంట తిరిగింది. బీరయ్య సుత నమ్మిండు. గని హన్మవ్వ మటుకు, ఆయన గొర్లను తోలుకొచ్చి అలిసిపోయి వాకిట్ల ఎల్లకిల పండుకుంటె చాలు, చేతిల పని ఇడిసిపెట్టి వచ్చి కాలితోని నూకుతది.

"పక్కకు మర్లు మావా. నా ముందట గట్ల పండుకోకు," అంటది.

ఆయన మర్లుతడు. మర్లినంక గుర్రు పెడ్తడు. అది ఇన్నంకనే ఆమె మల్ల పోయి ఉన్ని ముంగట కూసుంటది.