వేలు పట్టని ఫోను

"మళ్లీ పట్టలేదా? ఇలా ఇవ్వు," అంటూ భర్త కంచం ముందునుంచే చేయి చాచాడు.

ఆమె తడిచేయి తుడుచుకుని ఫోను ఇచ్చింది. అతను దాన్ని తన వైపు తిప్పుకున్నాడు, తెరిచాడు, తిరిగి ఇచ్చాడు. కొన్నాళ్లుగా ఇదే తంతు. ఎవరికైనా ఫోన్ చెయ్యాలన్నా, వచ్చిన మెసేజీ చూడాలన్నా అతని దగ్గర చేయి చాపాలి. అతను తెరిచి ఇచ్చాక, ఎదురుగా కూర్చునే ఉంటాడు.

"గిన్నెలు తోమీ తోమీ నీ వేలికి గీతలు అరిగిపోయాయి. ఫోన్ మాత్రం ఎలా గుర్తుపడుతుంది పాపం," అని నవ్వాడు. వెక్కిరింతకి కూడా ఒక సిగ్గుండాలి. ఆ గిన్నెల్లో సగం అతను తిన్నవే.

"మా కాలంలో గీతలెవరు చూశారమ్మా," అన్నారు అత్తగారు టీవీ మీంచి కళ్లు తిప్పకుండా. "అరిగిపోయినా పని ఆగిందా ఏమన్నా."

ఆ ఫోను అతను కొన్నదే. కొన్న రోజునే నంబరు తాళం పెట్టి, ఆమె వేలు ఎక్కించి, "నీకు నంబర్లు గుర్తుండి చావవు. వేలు పెట్టు, తెరుచుకుంటుంది," అన్నాడు. ఆమె కూడా మురిసిపోయింది, అదేదో నగ పెట్టినట్టు. నంబరేమిటని అడగాలని అప్పుడు తోచలేదు. తోచినప్పుడు అడిగితే, "నాకు తెలుసుగా, చాలదా," అన్నాడు. ఎప్పుడైనా ఫోన్ ఆగిపోయి నంబరు అడిగినా అతనే కొట్టి ఇచ్చేవాడు. ఇన్నేళ్లూ అలాగే గడిచిపోయింది.

వేలు పట్టకపోవడం మొదలయ్యాక ఆమె చేయని వైద్యం లేదు. ఫోను పక్కన వేలు ఆనించే మీటని, తను పనిచేసే కళ్లజోళ్ల షాపు నుంచి తెచ్చిన మెత్తటి గుడ్డతో తుడిచింది. కవరు అంచు అడ్డం వస్తోందేమోనని కవరే తీసేసింది. ఫోను ఆపి, మళ్లీ ఆన్ చేసింది. వేలికి క్రీము రాసింది, ఆరబెట్టింది, బొటనవేలు పెట్టింది, ఎడమచేతి వేళ్లన్నీ వరసగా పెట్టింది. ఫోన్ ఒక్కసారి బుర్రుమని వణికి, కుదరదంటుంది.

ఆమె కంగారుకి కారణం ఉంది. ఆమె ఇల్లు వదిలి వెళ్లిపోదామనుకుంటోంది. షాపులో క్యాషియర్ అక్క ఎవరో ఇంటావిడకి ఈమె నంబరు ఇచ్చింది. మేడ మీద గది ఉందట, ఫొటోలు పంపిస్తానందావిడ. సరిగ్గా అప్పుడే వేలు పట్టడం మానేసింది. ఫోన్ టింగుమంటే చాలు, ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి చూసేది. తెర మీద పేరు తప్ప ఏమీ కనబడదు. అది తెరవాలంటే అతన్నే అడగాలి. అడిగితే ఏమవుతుందో ఆమెకి తెలుసు.

పోయినసారి తన సొంత అక్క దగ్గరికి నాలుగు రోజులు వెళ్లొస్తానంది. "వెళ్దువుగానిలే, ముందు ఒక్కరోజు రెస్టు తీసుకో," అని ఎంతో ప్రేమగా అన్నాడు. మర్నాడు ఆమె నిద్రలేచేసరికి పడగ్గది తలుపుకి బయట గొళ్లెం పెట్టి ఉంది. తలుపు బాదింది, పిలిచింది, ఏడ్చింది. సాయంత్రం అతనొచ్చి తీసి, "అలవాటులో పెట్టేశాను," అన్నాడు. రోజంతా హాల్లోనే ఉన్న అత్తగారు, "టీవీ గోలలో నాకు వినబడలేదమ్మా," అన్నారు. గొంతెత్తి తిట్టేవాడైతే ఆమె ఇంత భయపడేది కాదేమో. అతను ఎప్పుడూ మెల్లగానే మాట్లాడతాడు.

ఓ మధ్యాహ్నం ఫోన్లు బాగుచేసే అతని దగ్గరికి తీసుకెళ్లింది. "నంబరు చెప్పండి మేడం, వేలు మళ్లీ ఎక్కిస్తాను," అన్నాడతను. తెలియదంది. "ఫోను మీదేనా?" అని ఎగాదిగా చూశాడు. తన ఫోన్ తనదేనని చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. దొంగలా తల దించుకుని బయటికొచ్చింది.

షాపుకి తిరిగొచ్చి పనిలో పడింది. ఆమె పనే వేలిముద్రలతో. జనం కళ్లజోళ్లు పెట్టి చూసుకుంటారు, అద్దాల నిండా ముద్రలు వేసి పోతారు, ఆమె తుడుస్తుంది. ఏ ముద్ర జిడ్డుదో, ఏది చెమటదో చూసి చెప్పగలదు. ఆ రోజు తుడిచిన అద్దాన్ని దీపం కింద ఎత్తి చూసి, ఏం తోచిందో, తన చూపుడువేలు దాని మీద నొక్కింది.

గీతలన్నీ ఉన్నాయి. సుడి తిరిగి, ఒక్కటి కూడా చెదరకుండా ఉన్నాయి. ఒక్క క్షణం సంతోషం వేసింది. వేలు అరగలేదు. మరి ఫోనుకేమైంది?

ఆ సాయంత్రం భర్తకి ఫోను ఇచ్చి, పక్కకి పోకుండా అతని చేతినే చూసింది. అతను ఏ నంబరూ కొట్టలేదు. బొటనవేలు పక్క మీట మీద ఆనించాడు. అంతే, తెరుచుకుంది. అతను కావాలనే ఆమె వేలు తీసేసి, తన వేలు ఎక్కించుకున్నాడు. ఆమెని తిప్పించుకుంటూ, తీరిగ్గా అన్నీ చదువుకుంటున్నాడన్నమాట. ఏమీ తెలియనట్టు వెళ్లి కంచాలు పెట్టింది.

తింటూ తింటూ అతనన్నాడు. "మేడ మీద గదులు ఎండాకాలం పెనంలా కాలిపోతాయి. అందులో ఎవరుంటారో ఏమో."

"ఏ గదిరా?" అన్నారు అత్తగారు.

"ఏం లేదమ్మా, ఊరికే." ఆమె వైపు తిరిగి, "నీ మొహం పీక్కుపోయింది. రేపు షాపుకి వెళ్లకులే. ఒక్కరోజు రెస్టు తీసుకో," అన్నాడు. ఎంతో మెల్లగా అన్నాడు.

ఆమె గరిటె గిన్నెలో పెట్టింది. ఏదో ఒకటి అనాలి, ఇప్పుడే అనాలి. కళ్లు అత్తగారి కళ్లజోడు మీద పడ్డాయి. ఒక కాడ విరిగితే దారం కట్టి నెట్టుకొస్తున్నారావిడ. కొత్తది ఆమె షాపులోనే తయారవుతోంది.

"అలాగే," అంది. "అయితే అత్తయ్యగారి కొత్త జోడు రేపే బిగించాలి. నేను లేకపోతే వచ్చే వారానికి గానీ అవదు."

అత్తగారు చటుక్కున టీవీ వదిలేశారు. "వెళ్లనీరా. ఈ దిక్కుమాలిన జోడుతో నాకు సీరియల్లో ఎవరు ఎవరో తెలియట్లేదు. రెస్టు ఎల్లుండి తీసుకుంటుందిలే."

తల్లి మాట కాదనడానికి అతనికి సాకు దొరకలేదు. "సరే, ఎల్లుండి," అన్నాడు.

పొద్దున్న ఆమె ఫోను బల్ల మీదే వదిలి, చెప్పులేసుకుంది. "ఫోనో?" అన్నాడు.

"నా వేలు పట్టనిదాన్ని మోసుకుపోయి ఏం చెయ్యను? మీ దగ్గరే ఉండనివ్వండి. సాయంత్రం బాగుచేయించండి."

అతనికి ఆ జవాబు నచ్చింది. తలూపాడు. ఆమె వీధి మలుపు దాకా నిదానంగా నడిచింది, వెనక చూస్తున్నాడేమోనని. మలుపు తిరిగాక పరుగెత్తింది.

షాపులో ముందు అత్తగారి జోడే బిగించింది. అద్దాలు శుభ్రంగా తుడిచి, పెట్టెలో పెట్టి, క్యాషియర్ అక్కకి ఇచ్చింది. "నా కోసం ఎవరొచ్చినా ఇది ఇచ్చేయక్కా. ఆ మేడ మీద గది వద్దు. అతనికి తెలిసిపోయింది. ఫోన్లో లేని గది ఇంకేదైనా ఉందా?"

అక్క ఆమె మొహం చూసింది. "మా పిన్ని ఇంటి వెనక గది ఉంది. పద," అని కౌంటరు పక్కామెకి అప్పజెప్పి లేచింది.

పిన్ని బట్టలు కుడుతుంది. మెడలో టేపుతోనే వచ్చి గది చూపించింది. కిటికీ ఉంది, కుళాయి ఉంది, మంచం ఉంది. తలుపులోనే తాళం ఉంది, లోపలినుంచి వేసుకోవచ్చు, బయట మాత్రం పాత ఇనప గొళ్లెం ఒకటి వేలాడుతోంది. వీధిలో బండి ఆగినా అతనేనేమో అని ఆమెకి అనిపిస్తోంది.

"ఇంకేమైనా కావాలా అమ్మా? దుప్పటి, కుండ?" అంది పిన్ని.

ఆమె సంచీలో చేయిపెట్టి, కళ్లజోళ్ల మరలు బిగించే చిన్న స్క్రూడ్రైవరు తీసింది. గొళ్లెం మర మీద పెట్టి చూసింది. అది సరిపోలేదు.

"పెద్ద స్క్రూడ్రైవరుంటే ఇవ్వండి పిన్నిగారూ," అంది. "బయటి గొళ్లెం ఊడదీసేస్తాను."