పుల్లమ్మవ్వ నీళ్ళు పోసుకునే బండ

నాగశ్రీకి అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే: పాత పాయకానా గుంత మీది బండ ఒరిగి, నిలబడిన మనిషి నిలబడినట్టే లోపలికి పోవడం. మొదట ఆ భయం మూడేండ్ల కూతురు శ్రీవాసవి కోసం. ఇప్పుడు మైదుకూరులో ఒంటరిగా ఉండే పుల్లమ్మవ్వ కోసం. ఈ భయాన్ని తెచ్చిపెట్టింది దయ్యమూ కాదు, దొంగా కాదు. తాళి కట్టిన మొగుడు.

ఆయన పేరు తేజేశ్వర్. కర్నూలులో స్టీలు సామాన్ల అంగడి. డిగ్రీ చదివినాడు. ఇంటర్ మొదటి సంవత్సరంలోనే చదువు మాన్పించి పెండ్లి చేస్తే వచ్చిన నాగశ్రీకి ఆ డిగ్రీ సంగతి వారానికి రెండుసార్లు గుర్తు చేస్తాడు. అంత చదివినాయన సరదా ఏమిటయ్యా అంటే, పాడుబడిన ఇండ్లు వెతుక్కుంటూ పోయి, వెనకటివాళ్ళు దొడ్డికి కూర్చున్న గుంతలు తవ్వి, అందులో పడేసిన గాజు సీసాలు ఏరుకోవడం. గోలీసోడా సీసాలు, మందు సీసాలు, సిరా బుడ్లు. ఎవరో తెల్లాయన తవ్వే వీడియోలు ఫోన్లో చూసినాడు. అప్పట్నుంచి పూనకం.

"నూరేండ్ల కిందటిదే. ఎప్పుడో మట్టి అయిపోయింటాది. వాసన కూడా రాదు" అంటాడు.

వాసన గురించి ఈయనే మాట్లాడాల! బిడ్డ చెడ్డీ పాడుచేసుకుంటే రెండు వేళ్ళతో రెక్క పట్టుకొని, మొహం గోడకు తిప్పుకొని, "నాగా, తొందరగా రా, తీసుకుపో దీన్ని, ఛీ" అని వీధంతా వినపడేలా అరిచే మనిషి. మూడేండ్లలో ఒక్కసారి బిడ్డ ముడ్డి కడిగిన పాపాన పోలేదు. కన్నబిడ్డది అసహ్యం. ముక్కూ మొహం తెలియనివాళ్ళ తాతలది మాత్రం పిడికిట్లోకి తీసుకొని, నలిపి, వెలుతుర్లో పెట్టి చూస్తాడు.

తెచ్చిన సీసాలను బిడ్డకు నీళ్ళు పోసే టబ్బులోనే నానేసినాడు ఒకరోజు. "ఇంక ఆ టబ్బు నీదే, నువ్వే కూర్చోని పోసుకో" అని నాగశ్రీ బిడ్డకు వేరే టబ్బు తెచ్చుకుంది. కడిగిన సీసాలన్నీ హాల్లో అద్దాల బీరువాలో నిలబడినాయి. చుట్టాలు వస్తే ఒక్కోటి తీసి చేతికిస్తాడు. వాళ్ళు "బాగుండాదప్పా" అంటారు. యాడిదని అడుగుతారు. చెప్తాడు. అంతే, కాఫీ తాగకుండానే లేస్తారు.

పోయిన నెలలో చుట్టాలింట్లో శుభకార్యానికి మైదుకూరు పోయినప్పుడు పుల్లమ్మవ్వను చూద్దామని ఆగినారు. అవ్వ నాగశ్రీ అమ్మకు మేనత్త. ఎనభై దాటినాయి. చూపు మందం, చెవులు అంతకన్నా మందం. పెరట్లో పాత పాయకానా గుంత ఉండాది. ముందు పక్క కొత్త మరుగుదొడ్డి కట్టినాక దాని మీద పెద్ద నాపబండ మూసేసినారు. అప్పట్నుంచి అవ్వకు అదే బట్టలుతికే బండ, అదే నీళ్ళు పోసుకునే బండ. బాత్రూములో టైల్సు కాలు జారతాయని అవ్వ అందులోకి పోదు.

తేజేశ్వర్ ఆ బండ మీద కాలితో కొట్టి చూసినాడు. కండ్లు మెరిసినాయి.

"అవ్వా, దీని కింద తవ్వుకుంటా."

"పాయకానా గుంతా నాయనా? దాంట్లో నీదేం పడిపోయింది?"

"సీసాలుంటాయవ్వా."

"సీసాలు కావాలంటే అంగట్లో ఇప్పిస్తా కదప్పా!"

"కొన్నవి వద్దంటాడవ్వా" అంది నాగశ్రీ. "దాంట్లో నానినదైతేనే ఈయనకు రుచి."

అవ్వ బోసినోటితో నవ్వింది. కానీ ఆ ఇంట్లో అల్లుడు నోరు తెరిచి అడిగితే లేదనడం ఏనాడూ లేదు. మనవరాలి మొగుడైనా ఆ ఇంటికి అల్లుడే. మంచినీళ్ళడిగితే మజ్జిగిచ్చే ఇల్లు. "సరే, తవ్వుకో నాయనా" అనేసింది.

పక్కింటి హసీనా మొగుడు ఉమర్ వచ్చి గడ్డపారతో బండ పక్కకు జరిపి, ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకొని ఒక్క అంగలో వెళ్ళిపోయినాడు. గుంత అంచున చుట్టూ ఒక వరస రాళ్ళు పేర్చి, వాటి మీద బండను కూర్చోబెట్టినారు పెద్దలు. దిగేదానికి ఇరుకుగా ఉందని తేజేశ్వర్ మూడు పక్కల ఆ రాళ్ళు పీకి గోడవారకు విసిరేసినాడు. మధ్యాహ్నం దాకా తవ్వినాడు. నాగశ్రీ బిడ్డ మణికట్టు వదల్లేదు. ఆ చెయ్యి ఎర్రగా కందిపోయింది.

గుంత లోతు ఆయన గొంతుదాకా వచ్చినాక దొరికింది. బొటనవేలంత పచ్చసీసా. మూతి పగిలిపోయింది. దాన్ని రెండు చేతుల్లో పెట్టుకొని నవ్విన నవ్వు, బిడ్డ పుట్టినరోజు ఆస్పత్రిలో కూడా నవ్వలేదు ఆ మనిషి.

సీసా దొరికింది, ఆకలైంది. మోకాలెత్తు మట్టి లోపలికి తోసి, ఉమర్‌ను మళ్ళా పిలిచి, బండను ఉత్త మట్టి అంచుల మీదే జరిపేసినాడు.

"రాళ్ళు పెట్టరా?" అంది నాగశ్రీ.

"అంత బండకు రాళ్ళెందుకే? గుంతకన్నా మూరెడు పెద్దదుండాది."

శ్రీవాసవి చెయ్యి విడిపించుకొని పోయి బండ మీద గెంతింది. "మా, ఢం ఢం అంటాంది!" బండ ఒక మూల నాలుగు వేళ్ళంత కిందికి పోయి పైకొచ్చింది. నాగశ్రీ బిడ్డను జుట్టు దొరికితే జుట్టు పట్టుకొని లాగేసింది.

"కదిలిందండీ!"

"నీ బుర్ర కదిలింది. ఇంటర్ గట్టెక్కలేదు, ఇంజనీరు మాదిరి చెప్తాంది చూడవ్వా."

"అల్లునికి తెలీదా ఏమ్మే" అంది అవ్వ. ఆయన మర్యాదకు మాత్రం "వచ్చే ఆదివారం వచ్చి ఇసుక పోయిస్తాలే" అన్నాడు.

మూడు ఆదివారాలు పోయినాయి. మొదటి ఆదివారం ఆళ్ళగడ్డ పక్క ఇంకో గుంత. రెండోది సీసా తోమడానికే సరిపోయింది, చిన్న బ్రష్షుతో, పసిబిడ్డకు పండ్లు తోమినట్టు. మూడోది నిద్ర. ఈలోగా అవ్వ రోజూ రెండు బిందెల నీళ్ళు ఆ బండ మీద పోసుకుంటానే ఉండాది. ఆ నీళ్ళన్నీ అంచుల కింద కొత్తమట్టిలోకే పోతాయి. ఇది తెలియడానికి డిగ్రీ అక్కర్లేదు.

అవ్వకు ఫోన్ లేదు. హసీనా ఫోనే దిక్కు. పోయిన గురువారం హసీనా చెప్పింది: "అక్కా, బండ ఒక పక్క కుంగింది. అవ్వ ఇటుకరాయి దూర్చి సరిచేసుకుంది. దాని మీద నిలబడొద్దంటే, అల్లుడు పూడ్చిపోయినాడు, ఏం కాదంటాది. నా మాట వినదు."

నాగశ్రీ ఆ మాట చెప్తే తేజేశ్వర్ పౌడర్ పూసుకుంటూ విన్నాడు. "ఇటుక పెట్టిందంటే పని అయిపోయినట్టే కదా" అన్నాడు. పచ్చసీసాను బిడ్డ ఉన్ని టోపీలో చుట్టి బెంగళూరు బస్సెక్కినాడు. ఆడ సీసాలోళ్ళందరూ కలుస్తారంట. ఒకరి గుంతలు ఒకరు మెచ్చుకుంటారు కాబోలు.

నిన్నట్నుంచి మైదుకూరు పక్క వాన. హసీనా, ఉమర్ పెండ్లికని బనగానపల్లె పోయినారు, నాలుగురోజులదాకా రారు. ఆ సందులో ఇంకెవరి నెంబరూ నాగశ్రీ దగ్గర లేదు. బిడ్డకు ఒళ్ళు కాలిపోతాంది, అంతదూరం బస్సులో కూర్చోబెట్టే స్థితి కాదు. మొగుడికి ఆరుసార్లు చేసింది. ఆరోసారి ఎత్తి, "మీటింగులో ఉండా, సోమవారం చూద్దాం" అని పెట్టేసినాడు. వెంటనే ఫోటో పంపినాడు: ఎర్రగుడ్డ మీద మూతి పగిలిన సీసా, వెనక ఇకిలించిన ఈయన పండ్లు.

అందుకే మిమ్మల్ని అడగడం. మీలో ఎవరన్నా మైదుకూరులో ఉంటే, లేదా కడప పోతూ ఆడ బస్సు దిగితే, పాత బజారు వెనక రెండో సందులోకి పోండి. నీలం తలుపు. గట్టిగా పిలవాల, రెండుమూడుసార్లు పిలవాల. పలక్కపోతే పక్క గోడమీంచి పెరట్లోకి చూడండి. పొద్దున తొమ్మిది దాటినాక నీళ్ళు పోసుకుంటాది. ఆలోపల పోయి, పుల్లమ్మవ్వ ఎట్లుండాదో ఒక్కసారి చూసి చెప్పండి.