మామిడి షెడ్డులో చిన్న ఇల్లు

గోడ సందులో దోపిన వెంట్రుకల ఉండ కనబడలేదు.

భువన మళ్ళీ వేలు పెట్టి తడిమింది. అసలు సందే లేదు. పెరటి గోడలో రెండు రాళ్ళ నడుమ బొటనవేలు పట్టేంత సందు ఉండేది. ఎవరో దానికి సిమెంటు మెత్తి, పైన గులాబీరంగు కొట్టేశారు. కూతురు మోనిషాకు తల దువ్విన ప్రతిసారీ దువ్వెనకు చిక్కిన వెంట్రుకలను వేలికి చుట్టి ఆ సందులో దోపడం ఆమె అలవాటు. బయట పారేస్తే ఎవరి చేతికి చిక్కుతాయో తెలియదని ఆమె తల్లి అలాగే చేసేది, అమ్మమ్మా అలాగే చేసేది. పైగా అయిదేళ్ళు నిండని ఆ పిల్లకు పోయిన ఏడాది జ్వరంలో రెండుసార్లు ఫిట్సు వచ్చింది. రెండుసార్లూ భుజాన వేసుకొని కృష్ణగిరి ఆసుపత్రికి పరిగెత్తింది భువనే. అప్పటి నుంచి పిల్లకు సంబంధించిన ఏ చిన్న వస్తువు తనకు తెలియకుండా గడప దాటినా ఆమె ఊరుకునేది కాదు.

ఇంటి ముందుకొచ్చి అత్తను అడిగింది. ఆదిలక్ష్మమ్మ అరుగు మీద, సరిగ్గా అరుగుకు నడుమ, మొహానికి పౌడరు వేసుకొని కూర్చొని ఉంది.

"అత్తా, పెరటి గోడలో బిడ్డ ఎంటికలు ఎవురు తీసినారు?"

"రంగు కొట్టేటప్పుడు గీకేసింటారు లేమ్మే. దానికి కూడా పోలీసుల్ని పిలుస్తావా?"

"గీకితే కింద పడుండాల కదా. కిందంతా వెతికినా. లేదు."

"నన్ను కదిలించొద్దు. కదిలితే నడుమ తప్పుతాదని ఆ నితిన్ సారు చెప్పినాడు. మీ మామ బతికుండంగా ఒక్కనాడన్నా నన్ను ఇట్లా నడుమ కూర్చోబెట్టినాడా?"

సినిమావాళ్ళు వచ్చి పన్నెండు రోజులయింది. వేప్పనపల్లి చుట్టుపక్కల ఇన్ని ఊళ్ళుండగా ఈ ఊరే, ఊళ్ళో ఇన్ని ఇళ్ళుండగా ఈ ఇల్లే వాళ్ళకు నచ్చింది. తలుపు సరిగ్గా నడుమ ఉందట. అటొక కిటికీ, ఇటొక కిటికీ, రెండూ ఒకే కొలతట. డైరెక్టరు నితిన్ సన్నటి మనిషి, గొంతు పెంచడు. మొదటిరోజు టేపు పట్టుకొని ఇంటిని కుడి నుంచి కొలిచాడు, ఎడమ నుంచి కొలిచాడు, ఒక కన్ను మూసుకొని చాలాసేపు చూశాడు. ఎడమపక్క మునగచెట్టు ఉంది, కుడిపక్క లేదు. మర్నాటికల్లా కుడిపక్కన గుడ్డతోనూ తీగతోనూ చేసిన మునగచెట్టు లేచింది. కాయలు కూడా ఆ చెట్టుకెన్ని ఉంటే ఈ చెట్టుకన్ని. ఆదిలక్ష్మమ్మ మరిచిపోయి ఒకరోజు సాంబారుకని దాని కాయ కోయబోయింది కూడా.

డెబ్బై ఏళ్ళ కిందటి కథట. ఈ ఇల్లు ఊరి పోస్టాఫీసట. మోనిషాకు పసుపుపచ్చ గౌను తొడిగి, చేతికి ఉత్తరాల కట్ట ఇచ్చి, గడప మీద నిలబెట్టి కెమెరా కళ్ళలోకి సూటిగా చూడమన్నారు. నవ్వకూడదట. ఏడవకూడదట. ఆ పిల్లా అలాగే చూసింది. ఆ చూపు చూస్తే ఫిట్సు రాబోయే ముందు చూపు గుర్తొచ్చి భువన పక్కకు తిరిగింది. చెంప మీద తను పెట్టిన దిష్టిచుక్కను కూడా తుడిచేయించాడు నితిన్, ఒక పక్కకే ఉందని. అన్నిటికీ సరే అన్నది భర్త లోకనాథ్, హోసూరు నుంచి ఫోనులో.

"నిన్న ఆ సుధామణి మోనిషా పాత గౌను ఒకటి ఉంటే ఇయ్యమనె," అంది అత్త, పెదవులు మాత్రమే కదిలిస్తూ. "చినిగింది ఇచ్చినా."

"ఏంటికంట?"

"నేనడగలే."

భువన చేతిలోని దువ్వెన అరుగు మీద పెట్టింది. ఒక రోజు పాత గుడ్డ. ఇంకో రోజు వెంట్రుకలు. ఈ రెండూ అడిగేవాళ్ళు ఎవరో, ఎందుకడుగుతారో ఈ పక్క ఊళ్ళల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

లోకనాథ్ హోసూరులో బండ్ల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. వారమంతా అక్కడే రూములో ఉండి ఆదివారం వస్తాడు. టీ టైము చూసి ఫోను చేసింది.

"సినిమావోళ్ళకి మన బిడ్డ ఎంటికలు ఏంటికే భువనా?"

"నేనూ అదే అడగతా ఉండేది."

"నువ్వు పొద్దన్నుంచి ఏమన్నా తిన్నావా?"

"ఎంటికలు గురించి చెప్తే తిండి గురించి అడగతావే?"

"తినకుంటే నీకు ఇట్లాంటి ఆలోచనలే వస్తాయి. ఆదివారం వస్తా కదా, నేను మాట్లాడతాలే."

ఆదివారానికి ఇంకా ఆరు రోజులు. ఆ రోజు సోమవారం.

సుధామణి బొమ్మలూ సామాన్లూ చేసే మనిషి. విజయవాడ వైపు నుంచి వచ్చింది, ముప్పై అయిదేళ్ళుంటాయి, వేళ్ళకు ఎప్పుడూ జిగురు అంటుకొని ఉంటుంది. ఆమె పనంతా ఇంటి పక్క తోటలోని మామిడి షెడ్డులో. కాపు రోజుల్లో అక్కడ కాయలు ఏరి క్రేట్లలో పోస్తారు. ఇప్పుడు కాపు లేదు కాబట్టి సినిమావాళ్ళకిచ్చారు. ముందువైపు నల్ల పరదా కట్టి, ఊరివాళ్ళెవరూ రాకూడదన్నారు. కాయలు ఏరే చోట దాచాల్సింది ఏముంటుంది? ఈ మాట పది రోజులుగా భువన మనసులో మెదులుతూనే ఉంది. ఆ షెడ్డులో ఆమె మూడు కాపులు పనిచేసింది. వెనకవైపు రేకుకు కింది బోల్టు లేదని, నీళ్ళు తాగి రావడానికి ఆడవాళ్ళంతా ఆ రేకు ఎత్తే దూరేవాళ్ళని సినిమావాళ్ళకేం తెలుసు?

మధ్యాహ్నం అందరూ అన్నాలకు పోయినప్పుడు ఆ రేకు ఎత్తి లోపలికి దూరింది.

షెడ్డు నడుమ బల్ల. బల్ల మీద ఆమె ఇల్లు.

మూరెడెత్తు ఉందేమో. అదే గులాబీరంగు, అదే నీలం తలుపు, అటొక మునగచెట్టు, ఇటొక మునగచెట్టు. పెంకులు గోరంత. అరుగు మీద వేలెడంత ముసలమ్మ, సరిగ్గా నడుమ. కుడి కిటికీలో పసుపు గౌను వేసుకున్న పిల్ల. ఆ గౌను మోనిషా పాత గౌను గుడ్డే, చిన్న తెల్ల పువ్వులతో సహా. భువన వంగి తల చూసింది. మోనిషా జుట్టు చివర్లు రాగిరంగులో ఉంటాయి. ఆ బొమ్మ జడల చివర్లూ రాగిరంగే.

చెయ్యి చాచబోతుండగా పరదా అవతల మాటలు వినబడ్డాయి. ఆమె క్రేట్ల వెనక్కి నక్కింది.

"రేపు పదింటికి అంటిద్దాం," అన్నాడు నితిన్. "మంట కిటికీ దాకా రావడానికి ఎంతసేపు పడుతుంది?"

"నలభై సెకన్లు," అంది సుధామణి.

"పాప కిటికీలోనే ఉండాలి. కదలకూడదు."

"కదలదు సార్. కాళ్ళకు జిగురు పెట్టాను."

"ఇల్లు ఒక్కటే ఉంది. తప్పు జరిగితే మళ్ళీ చెయ్యలేం."

వాళ్ళు వెళ్ళిపోయాక భువన క్రేట్ల వెనక నుంచి లేచింది. సినిమా కోసం చిన్న ఇల్లు కట్టి కాలుస్తారన్నది ఆమెకు అర్థం కాకపోలేదు. నిజం ఇల్లు కాల్చలేరు కదా. అర్థమయింది. అయినా ఆ కిటికీలో ఉన్నవి తన బిడ్డ వెంట్రుకలు. రేపు మంగళవారం. అర్థమైనందువల్ల ఆ వెంట్రుకలు వేరే ఎవరివో అయిపోతాయా?

బొమ్మను పట్టి లాగింది. జిగురు గట్టిదే, ఒక చెప్పు కిటికీలోనే ఉండిపోయింది. బొమ్మను కొంగులో చుట్టి, రేకు కింద నుంచి బయటపడి, ఇంటికొచ్చి బట్టల పెట్టెలో అడుగున పెట్టింది. మూత వెయ్యబోయి ఆగింది. బొమ్మ మొహం బోడిగా ఉంది. కాటుక డబ్బీ తెచ్చి దాని ఎడమ చెంప మీద ఒక చుక్క పెట్టింది. అప్పుడు మూత వేసింది.

తెల్లారి ఎనిమిది గంటలకల్లా తోటలో అలజడి. క్రేట్లన్నీ బోర్లించి వెతుకుతున్నారని, సుధామణి ఏడుపు మొహంతో ఉందని ఆదిలక్ష్మమ్మ వార్త తెచ్చింది. భువన ఏమీ ఎరగనట్టు రాగిసంకటి గెలుకుతోంది. ఎరగనట్టు ఉండటం ఆమెకు చాతకాదు. గరిట మూడుసార్లు జారింది.

సుధామణి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అరచేతిలో గోరంత చెప్పు.

"భువన గారూ, ఒక చిన్న బొమ్మ పోయింది. మీరేమైనా చూశారా?"

"ఏం బొమ్మ?"

"మాయమ్మ పెట్టెలో చిన్న మోనిషా ఉండాది," అంది మోనిషా. ఆ పిల్ల మొహంలో నవ్వూ లేదు, ఏడుపూ లేదు. పన్నెండు రోజుల్లో బాగానే నేర్చుకుంది.

భువన గరిట కింద పెట్టి పెట్టె తెరిచింది. బొమ్మను తీసింది గానీ చేతికివ్వలేదు.

"ముందు నాకు చెప్పు. నా బిడ్డ ఎంటికలు యాడివి నీకు?"

సుధామణి తెల్లబోయింది. "గోడ శుభ్రం చేస్తుంటే సందులో ఉండలు ఉండలుగా దొరికాయి. పారేసినవి అనుకున్నాను. రంగు అచ్చంగా పాప జుట్టులాగే ఉంటేనూ..."

"నా బిడ్డ జుట్టు నా బిడ్డ జుట్టు మాదిరి ఉండక ఇంకెట్లుంటాది? పారేసేటివి గోడలో ఏల పెడతారమ్మా?"

"నాకు తెలియదు. నిజంగా తెలియదు."

"గుడ్డ మాయత్తనడిగితివి, ఎంటికలు చెప్పకుండా తీస్తివి, బొమ్మ చేసి జిగురుతో కట్టేస్తివి. మంగళవారం కాలుస్తా ఉండావు. ఇది మా ఊళ్ళో ఎవురన్నా చేసింటే ఏమంటారో తెలుసునా నీకు?"

తెలుసు. సుధామణి మొహం చూస్తే తెలుసనే అనిపించింది. కానీ అప్పటిదాకా ఆమెకు ఆ ఆలోచన రాలేదు, అంతే.

"కథలో పాప బతుకుతుంది భువన గారూ. మంట అంటుకోగానే ఉత్తరాలన్నీ పట్టుకొని బయటికి పరిగెత్తుకొస్తుంది."

"పరిగెత్తేది నిజం మోనిషా. ఈ బొమ్మ?"

"బొమ్మ... లోపలే ఉంటుంది."

"అదే కదా నేను చెప్పేది."

సుధామణి గడియారం చూసుకుంది. "కిటికీలో పాప లేకపోతే షాటే లేదు. ఇవన్నీ ఉత్త నమ్మకాలండీ. వెంట్రుకలు కాలితే మనిషికేం కాదు."

"ఏం కాదా?"

"ఏం కాదు."

భువన లోపలికి పోయి కత్తెర తెచ్చి ఆమె ముందు పెట్టింది. "అట్లయితే నీ ఎంటికలు కోసి పెట్టు. నీకు బిడ్డలుండారా?"

"ఒక పాప. మా అమ్మ దగ్గర ఉంది, విజయవాడలో. ఎల్‌కేజీ."

"ఇంకా మంచిది. ఆ పాపను తలుచుకొని కోయి."

సుధామణి గడప మీద కూర్చొని కత్తెర తీసుకుంది. జడ ముందుకు వేసుకుంది. కత్తెర నోరు తెరిచింది. అది అలాగే తెరుచుకొని ఉండిపోయింది. వేళ్ళ మీది జిగురు వల్ల కాదు. భువన ఆ వేళ్ళనే చూస్తూ ఉంది, సంకటి అడుగంటుతున్న వాసన వస్తున్నా కదలకుండా.

చివరికి సుధామణి కత్తెర కింద పెట్టింది. తలెత్తలేదు.

పన్నెండు రోజుల్లో మొట్టమొదటిసారి భువనకు ఆమె మనిషిలాగా కనబడింది.

"లెయ్యక్కా," అంది. "ఈడ నల్లమేక ఉండాది. దాని తోక ఎంటికలు బాగా పొడుగు."

"నా మేక ఏం పాపం చేసిందే?" అంది ఆదిలక్ష్మమ్మ అరుగు మీద నుంచి.

"బిడ్డకన్నా మేక ఎక్కువనా అత్తా?"

ఆదిలక్ష్మమ్మ కాసేపు ఆలోచించింది. అంతసేపు ఆలోచించడం భువనకు నచ్చలేదు. "రొండే రొండు పాయలు కోయండి, తోకంతా బోడి చెయ్యొద్దు," అంది చివరికి.

పెరట్లో కూర్చొని ఇద్దరూ బొమ్మ తల విప్పారు. మోనిషా వెంట్రుకలు ఒక్కటి కూడా మిగలకుండా భువన తనే ఊడబీకింది, రెండుసార్లు సరిచూసుకుంది. గౌను కూడా విప్పించి, వేరే పసుపు గుడ్డ చుట్టించింది. సుధామణి మేక వెంట్రుకలతో జడలల్లి, చివర్లకు రాగిరంగు పూసింది. అంతలో నితిన్ వచ్చి, విషయమంతా విని, బొమ్మను అరచేతిలో పెట్టుకొని ఒక కన్ను మూశాడు.

"ఈ చుక్క ఎవరు పెట్టారు?"

"నేనే సార్."

"బాగుంది. కానీ నడుమ లేదు."

"నడుమ పెడితే అది బొట్టు సార్. దిష్టిచుక్క చెంప మీదనే ఉంటాది."

నితిన్ ఆలోచించాడు. పన్నెండు రోజుల్లో ఆ మనిషి ఒక పక్కకు ఉన్నదాన్ని దేన్నీ ఒప్పుకోలేదు. "సరే, ఉంచండి," అన్నాడు.

పదింటికి కావలసింది పదకొండున్నరకు అంటించారు. భువన మోనిషాను చంకనెత్తుకొని పరదా పక్కన నిలబడింది. నిప్పు తలుపు దగ్గర మొదలై, అరుగెక్కి, వేలెడంత ముసలమ్మను దాటి కిటికీ చేరింది. నలభై సెకన్లు అన్నారు గానీ భువన లెక్కలో చాలా ఎక్కువే పట్టింది. కిటికీలో పసుపు గుడ్డ ఎర్రబడినప్పుడు ఆమె పిల్ల నుదుటి మీద చెయ్యి వేసింది. చల్లగానే ఉంది. మేక వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది. మోనిషా తుమ్మింది. ఒక్క తుమ్మే. ఒంటి తుమ్ము మంచిది కాదు, రెండోది వస్తుందేమోనని తల్లి పిల్ల మొహమే చూసింది. రాలేదు.

ఇంటికొచ్చి మేకుతో గోడను గీకి, సిమెంటు రాల్చి, పాత సందును మళ్ళీ తెరిచింది. పిల్ల వెంట్రుకల ఉండను అందులోకి లోతుగా తోసింది. గులాబీరంగు గోడకు బొక్క పడింది. పడనీ.

తర్వాత మేక దగ్గరికి పోయింది. అది మేతకు వేసిన వేరుశెనగ కట్టె నములుతోంది. కళ్ళు చూసింది, చెవులు తాకి చూసింది, కాళ్ళు చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మేక నమలడం ఆపి, నవ్వూ ఏడుపూ లేని మొహంతో ఆమె కళ్ళలోకి సూటిగా చూసింది. చాలాసేపు చూసింది.

భువన లోపలికి పోయి గుప్పెడు ఉప్పూ నాలుగు ఎండుమిరపకాయలూ తెచ్చి, ముందు మోనిషాకు, ఆ తర్వాత మేకకు దిష్టి తీసింది. ఇక లోపలికి పోబోతూ ఆగి, గుమ్మం దాటి, తోటలో బూడిద ఎత్తుతున్న సుధామణిని గట్టిగా పిలిచింది.

"అక్కా, నువ్వూ ఒకసారి ఈడికి రా."