ఊడుకుట్టు

రాష్ట్ర సంచార నాటక బృందంలో రాజులకూ దొంగలకూ బట్టలు కుట్టే ఆవిడను అందరూ సూదక్క అనే పిలుస్తారు. మెడలో కొలత టేపు, పెదాల మధ్య రెండు గుండుసూదులు లేకుండా ఆవిడను చూసినవాళ్లు తక్కువ. నోట్లో సూదులు పెట్టుకున్న మనిషికి మాట్లాడే అలవాటు ఎక్కడినుంచి వస్తుంది? అందుకే ఆ రోజు శాసనసభ భవనానికి ఆవిడ మాట్లాడటానికి రాలేదు. మాట్లాడేది బావగారు. భర్తకు స్వయానా అన్న, బృందంలో రాజు వేషాలన్నీ ఆయనవే. ఆయన కోటు నలగకుండా చూసుకోవడమే సూదక్క పని.

వచ్చిన పని మాత్రం చిన్నది కాదు. బృందం తిరిగే లారీ, అందులో పోసే డీజిలు, అందరి జీతాలు, దుస్తుల గది అద్దె, సమస్తం రాష్ట్ర రంగస్థల నిధి నుంచే నడుస్తాయి. ఆ నిధిని ఎత్తేయాలని ఒక సభ్యుడు ప్రతిపాదన పెట్టాడు. ఏడుగురు సభ్యుల సంఘం ఆ ఉదయం జనం మాట వింటుంది, మనిషికి మూడు నిమిషాలు. ఆ వెంటనే చేతులెత్తి ఓటు. నిధి పోతే మొదట తాళం పడేది దుస్తుల గదికే. నాలుగు వందల పైచిలుకు వేషాలు పాత బట్టల కింద తూకానికి పోతాయి. తన ఉద్యోగం సంగతి సరే, ఏదో మిషను పెట్టుకుని బతకొచ్చు. ఆ నాలుగు వందలూ ఎవరి పాలబడతాయోనన్న బెంగతో ఆవిడకు వారం రోజులుగా ముద్ద దిగడం లేదు.

బావగారు పై అంతస్తు వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ ఉపన్యాసం వల్లించుకుంటున్నారు. సూదక్క లిఫ్టు పక్కన బెంచీ మీద కూర్చుంది. అప్పుడే నీలం కోటు వేసుకున్న ఒక పెద్దమనిషి చంకలో కాగితాలతో పరుగున వచ్చి, మూసుకుపోతున్న లిఫ్టు తలుపు ఆపడానికి చెయ్యి చాచాడు. పర్రుమని చప్పుడైంది. లిఫ్టు తన దారిన అది పోయింది. కోటు చంక దగ్గర కుట్టు విడిపోయి, చెయ్యి సగం వేలాడుతోంది.

"ఇప్పుడే చిరగాలా ఇది! ఇంకో పది నిమిషాల్లో నేను లోపల ఉండాలి," అన్నాడాయన, చిరుగును చూడలేక మెడ తిప్పుతూ.

"కదలకండి సార్," అంది సూదక్క. అప్పటికే ఆ చెయ్యి ఆవిడ చేతిలో ఉంది. చేతి సంచిలోంచి సూదుల డబ్బా తీసింది. అందులో ఎప్పుడూ రెండు సూదులు నల్లదారం ఎక్కించి సిద్ధంగా ఉంటాయి. ఒకటి లాగి గబగబా కుట్టేసింది. ఎవరు, ఏమిటి అని అడగలేదు. చిరిగిన బట్టను చూస్తే ఆవిడకు మనిషి కనిపించడు.

"పరువు నిలబెట్టారమ్మా," అని ఆయన కాగితాలు సర్దుకుని పరుగెత్తాడు.

లోపల సభాగదిలో ఎత్తైన బల్ల వెనక ఏడుగురు కూర్చున్నారు. మధ్యలో అధ్యక్షురాలు, కళ్లద్దాలు ముక్కు చివరకు జారిన పెద్దావిడ. మూలన టీవీ కెమెరా. బావగారు కూర్చుంటూనే సూదక్క చెవిలో పళ్లు నూరారు. "అదిగో, మన కొంప ముంచుతున్నవాడు ఆ మూడో కుర్చీ ఆసామీ. నీలం కోటు."

సూదక్క చూసి నాలుక కరుచుకుంది. "ఆయన కోటు ఇందాక నేనే కుట్టాను బావగారూ."

"శత్రువుకి కుట్టావా!"

"చిరుగుకి శత్రువేంటి, మిత్రుడేంటి బావగారూ? చిరిగింది, కుట్టాను."

బావగారి వంతు వచ్చింది. లేచి, భుజాలు విరుచుకుని, గది నలుమూలలా చూసి మొదలుపెట్టారు. అధ్యక్షురాలికి నమస్కారం పెట్టారు. సభ్యులకు ఒక్కొక్కరికీ పేరుపేరునా, వారి వారి గుణగణాలతో సహా పెట్టారు. కాగితాలు అందించే గుమాస్తాకు, కాపలా ఉన్న పోలీసుకు, రంగస్థలానికి, దాని మీద నడిచి వెళ్లిపోయిన మహానుభావులకు పెట్టారు. గొంతు ఖంగుమంటోంది. కెమెరా పట్టుకున్నతను కూడా నోరు తెరుచుకుని వింటున్నాడు.

"ఇక అసలు విషయానికి వస్తే," అన్నారు బావగారు.

గంట మోగింది.

"మూడు నిమిషాలు అయిపోయాయండీ," అన్నాడు గుమాస్తా, నిజంగానే బాధపడుతూ.

బావగారు కుర్చీలో కూలబడ్డారు. యుద్ధాలు ఓడిపోయిన రాజుగా ఆయన ఎన్నిసార్లు నటించారో లెక్కలేదు, కానీ సూదక్క ఎప్పుడూ ఆ మొహం చూడలేదు. ఏం చెప్పి ఓదార్చాలో తెలియక, చేతులకు ఏదో ఒక పని కావాలని సూదుల డబ్బా తెరిచింది. లోపలి రెండు సూదులనూ తీసి పక్కపక్కన పెట్టి చూసింది.

గట్టి దారం ఎక్కించిన సూది చెక్కుచెదరకుండా అలాగే ఉంది. కురచబడింది రెండో సూది దారం.

ఆ రెండో సూది ఊడుకుట్టుకు వాడేది. ఊడుకుట్టు బృందంలో వాళ్లు పెట్టుకున్న పేరు. రాజు ఒక్క క్షణంలో బిచ్చగాడు కావాలి. తెర వేసే వ్యవధి ఉండదు. అందుకని దారానికి మైనం పూసి, ముడి వేయకుండా, పైకి గట్టిగా కనిపించేలా కుడతారు. రాజు "దైవమా!" అని చెయ్యి ఎత్తగానే అంగరఖా చెయ్యి దానంతటదే జారి కింద పడుతుంది, జనం ఈలలు వేస్తారు. ఆ కుట్టులో సూదక్కను మించినవాళ్లు రాష్ట్రంలో లేరు. ఈ రోజు దాన్ని తొందరలో సాక్షాత్తూ ఒక శాసనసభ్యుడికి వేసింది.

"బావగారూ, కొంప మునిగింది. ఆయనకు వేసింది ఊడుకుట్టు. చెయ్యెత్తితే ఊడొస్తుంది."

బావగారి మొహంలోకి ప్రాణం లేచొచ్చింది. "ఊరుకో అమ్మాయ్! కెమెరా కూడా ఉంది. ఊడనీ!"

బల్ల మీద అధ్యక్షురాలు గొంతు సవరించుకుంది. "వినవలసింది విన్నాం. నిధి రద్దుకు అనుకూలంగా ఉన్నవారు చేతులెత్తండి."

సూదక్కకు ఒక్క క్షణం ఊరుకుందామనే అనిపించింది. అబద్ధమెందుకు, బాగా అనిపించింది. తన గదికి తాళం వేయించే చెయ్యి ఊరందరి ముందూ ఊడిపడితే చూడాలని ఎవరికుండదు? కానీ ఆవిడ చేతి బట్ట వేసుకుని జనం ముందుకు వెళ్లినవాడు ఇరవై ఆరేళ్లలో ఒక్కడు కూడా నవ్వులపాలు కాలేదు. జ్వరంతో ఊగిపోతూ వేషం కట్టినవాడూ, తొలిరోజు కాళ్లు వణికినవాడూ, అందరూ ఆవిడ కుట్టును నమ్ముకునే వెలుగులోకి వెళ్లారు. ఈయన కూడా అలాగే వెళ్లి కూర్చున్నాడు.

నీలం కోటు మోచెయ్యి బల్ల మీంచి లేస్తోంది.

"సార్! చెయ్యి ఎత్తకండి!"

ఆ కేక ఎవరిదా అని సూదక్క కూడా వెనక్కి చూసింది. కాపలా పోలీసు ఒక్క ఉరుకులో పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"ఓటు జరుగుతుంటే సభ్యుడిని అడ్డుకుంటారా? ఇది ఎంత పెద్ద తప్పో తెలుసా అమ్మా?" అంది అధ్యక్షురాలు.

"ఓటు ఆయనిష్టం అమ్మగారూ. ఆయన కోటు చెయ్యి ఊడిపోతుంది, అందుకని అరిచాను. పొరపాటు నాదే. సూది మారిపోయింది."

టప్, టప్‌మని రెండు పోగులు తెగిన చప్పుడు మైకులో అందరికీ వినిపించింది. ఆయన చెయ్యి ఒంటికి అదుముకుని బిగుసుకుపోయాడు. గదిలో నవ్వులు మొదలయ్యాయి.

"కోటు విప్పి ఇవ్వండి, ఆవిడ బాగుచేసి ఇస్తారు," అంది అధ్యక్షురాలు, నవ్వు ఆపుకుంటూ.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "విప్పలేనండీ. లోపలి చొక్కాకి ముందువైపే ఇస్త్రీ చేసుకున్నాను."

ఈసారి పోలీసు కూడా నవ్వాడు. చేసేది లేక సూదక్కను బల్ల వెనక్కి పంపారు. ఆవిడ ఈసారి సూదిని వెలుతురులో పెట్టి రెండుసార్లు చూసుకుని, గట్టి దారమే అని నిర్ధారించుకుని పని మొదలుపెట్టింది.

"సూది సభ్యుడి పక్కటెముకల దగ్గరుంది కాబట్టి ఓటు కాసేపు ఆగుతుంది," అంది అధ్యక్షురాలు. "ఈలోగా మీరేమైనా చెప్పదలచుకుంటే చెప్పండమ్మా. మీవాళ్ల తరఫున మాకు ఇంతవరకూ నమస్కారాలే అందాయి."

సూదక్క చేతులు కదులుతున్నాయి కదా, కాసేపటికి మాటలు కూడా వాటి వెంట కదిలాయి.

"ఇలాంటి నీలం కోటే మా గదిలో ఒకటుంది సార్. దాన్ని పదకొండు మంది వేసుకున్నారు. ఒక డాక్టరు, ఒక జడ్జి, ఇద్దరు దొంగలు, ముగ్గురు పెళ్లికొడుకులు, మిగతావాళ్లు గుర్తులేరు. లోపల మడతలో గుడ్డ ఎక్కువ వదిలి కుడతాను. సన్నవాడి తర్వాత లావుపాటివాడు వస్తాడు కదా, విప్పి కలపడానికి. ఎనిమిదిసార్లు విప్పాను. అది అమ్మితే మీకు పాత కోటు డబ్బులే వస్తాయి. మళ్లీ కుట్టించాలంటే పదకొండు కోట్లు కుట్టించాలి."

"కదలకండి," అని ఆయన్ని ఒకసారి గదమాయించి మళ్లీ అందుకుంది. "రైలు కూడా ఆగని ఊళ్లకు వెళతామండీ. ఆట అయ్యాక జనం స్టేజీ ఎక్కి రాజుగారి అంగరఖా పట్టుకు చూస్తారు. తిరగేసి చూసి, ఓసి, ఇది కిటికీ కర్టెను గుడ్డే కదా అని నవ్వుతారు. నేనే చూపిస్తాను, దాచను. మళ్లీ ఏడాది అదే ఊరు వెళతాం. కర్టెను అని తెలిసినవాళ్లే ముందు వరసలో కూర్చుంటారు. రాజుగారు రాగానే మళ్లీ లేచి నిలబడతారు. వాళ్లు అలా లేచినప్పుడు నాకు ఏడుపొస్తుంది సార్. ఇదిగో, ఇరవై ఆరేళ్లయినా వస్తోంది."

ముడి వేసి, దారం పళ్లతో తెంపింది. గదిలో ఎవరూ నవ్వడం లేదు. బావగారైతే ఏకంగా కళ్లు తుడుచుకుంటున్నారు.

నీలం కోటాయన భుజం తడుముకున్నాడు. "మీకేమివ్వాలమ్మా?"

"ఇచ్చేశారు సార్. నా జీతం ఇస్తున్నది ఆ నిధే."

ఆయన ఎదురుగా ఉన్న తన ప్రతిపాదన కాగితం వైపు కాసేపు చూశాడు. "ఇప్పుడు చెయ్యెత్తొచ్చా?"

"నిశ్చింతగా ఎత్తండి. దేనికైనా సరే."

అధ్యక్షురాలు మళ్లీ అడిగింది. రద్దుకు మూడు చేతులు లేచాయి. నీలం చెయ్యి బల్ల మీదే ఉంది. పక్క సభ్యుడు మోచేత్తో పొడిచినా కదల్లేదు.

"ప్రతిపాదన నాదే, తెలుసు," అన్నాడాయన మైకులో. "ఆ గది నేను చూడలేదు. చూడకుండానే రాశాను. ఈ ఏడాదికి నిధి ఉండనివ్వండి. నేను వెళ్లి చూస్తాను."

"ఉంచాలనేవారు?"

మూడు చేతులు లేచాయి. వాటి వెనకే నాలుగోది, నీలంది, నిటారుగా. గదిలో అందరూ లెక్కపెడుతుంటే సూదక్క మాత్రం చంక దగ్గర కుట్టునే రెప్పవేయకుండా చూసింది. ఒక్క పోగు కదల్లేదు.

చప్పట్లు మోగాయి. సభాగదిలో చప్పట్లు నిషేధమని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. అధ్యక్షురాలు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చుంది. చప్పట్లు వినగానే సూదక్క అలవాటుకొద్దీ రెండడుగులు పక్కకు జరిగి నటులకు దారి ఇచ్చింది. ఎవరూ రాలేదు. ఎవరొస్తారా అని వెనక్కి తిరిగి చూసింది.

"నీకే అమ్మాయ్! వంగి దణ్ణం పెట్టు!" అన్నారు బావగారు కింద నుంచి, గొంతు ఖంగుమనిపిస్తూ.

సూదక్క వంగింది. చప్పట్లు ఇంకా పెరిగాయి. తెగిపడ్డ దారం ముక్కలు రెండూ నేల మీంచి ఏరుకుని, సూదుల డబ్బాలో వేసుకుని లేచింది.