చావింటి కాపలా

చావింటి తలుపుకు గడియ పెట్టడం పోర్ట్‌కరిన్‌లో మర్యాద కాదు. డెర్వ్లా కోడీ ఆ మర్యాద పాటించింది. ఆమె చేసిన తప్పల్లా అదే.

చర్చికి బయల్దేరే ముందు, పోయిన ఫింటన్ కొడుకు లోర్కన్ మరీ మరీ చెప్పాడు.

"లోపల గడియ పెట్టుకో పిన్నీ. పేపర్లో చూశావుగా."

చూసింది. ఊరి వారపత్రికలో అంత్యక్రియల ప్రకటనలు చదివి, ఇంటిల్లిపాదీ చర్చిలో ఉన్న వేళ ఎవడో ఇళ్లు దోచుకుపోతున్నాడు. అందుకే ప్రతి చావింట్లో పొరుగువాళ్లు ఒకరు కాపలా ఉంటున్నారు. ఫింటన్ ఇంట్లో ఆ వంతు పక్కింటి డెర్వ్లాది. పోయినవారం అలా కాపలా ఉన్న ముసలాయన తల పగిలి ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు.

"నేను చేసిన సాండ్‌విచ్ ఒక్కటి తిన్నాడంటే వాడే పారిపోతాడు. నువ్వెళ్లు," అంది డెర్వ్లా.

పదకొండున్నరకు వెనకతలుపు తెరుచుకుంది.

నల్ల సూటు, నల్ల టై, ముప్పై అయిదేళ్ల మనిషి. రెండు చేతులతో ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"పెద్ద కష్టమొచ్చిందమ్మా. నేను ఫింటన్ మామయ్యకి వరసకి మేనల్లుణ్ణి, లివర్‌పూల్‌లో ఉంటాను. ప్రార్థన అందుకోలేకపోయాను."

చావింటికొచ్చిన మనిషికి టీ ఇవ్వకుండా ఎలా పంపుతుంది? కూర్చోమని కప్పూ, సాండ్‌విచ్‌ల పళ్లెమూ ముందు పెట్టింది.

"లోర్కన్, ఈఫా ఎలా తట్టుకుంటున్నారో పాపం," అన్నాడతను. "పోనీలెండి, ఇంట్లోనే, ప్రశాంతంగా పోయాడు మామయ్య. మంచం మీద పోవడం అదృష్టం."

టీ వంపుతున్న డెర్వ్లా చెయ్యి ఆగిపోయింది.

ఫింటన్ మంచం మీద పోలేదు. రేవు మెట్ల మీద కాలు జారి, పడవకీ గోడకీ మధ్య నీళ్లలో పడి పోయాడు. 'ఇంట్లో, ప్రశాంతంగా' అన్న మాట కూతురు ఈఫా పట్టుబట్టి ప్రకటనలో వేయించింది. అసలు సంగతి చుట్టాల్లో తెలియనివాళ్లు లేరు. పేపరు చూసి వచ్చినవాడికే తెలియదు.

ఆమె ఫోను ముందు వసారాలో, కోటు జేబులో ఉంది. అక్కడికి వెళ్లే దారికి అడ్డంగా అతను కూర్చున్నాడు.

"చర్చి నుంచి నేరుగా శ్మశానానికేగా?" అన్నాడు. "ఒంటిగంట దాకా ఎవరూ రారు."

"నేరుగానే," అంది డెర్వ్లా.

పేపర్లో వెయ్యని సంగతి ఒకటుంది. ఈ ఊళ్లో శవాన్ని శ్మశానానికి తీసుకెళ్లే బండి దారిలో పోయినవాళ్ల ఇంటి ముందు ఒక్క నిమిషం ఆగుతుంది. అందరికీ తెలిసిందే కనక ఎవరూ రాయరు. గోడ గడియారం పదకొండూ ముప్పై ఎనిమిది చూపిస్తోంది. బండి రావడానికి ఇంకా పన్నెండు నిమిషాలు.

"ఇంకో సాండ్‌విచ్ తిను నాయనా. దూరం నుంచి వచ్చావు."

అతను తిన్నాడు. ఆమె ఫింటన్ చిన్ననాటి కబుర్లు నోటికొచ్చినట్టు అల్లింది.

"చేతులెందుకమ్మా అలా వణుకుతున్నాయి?"

"వయసు. నీకూ వస్తుంది."

"నాకు వస్తుంది సరే. మీకింకా ఎంత మిగిలిందో చూద్దాం." నవ్వుతూనే లేచి, కోటు లోపల్నుంచి మూరెడు ఇనుపకడ్డీ తీశాడు. "మామయ్య గది చూపించండి. మీరు ముందు నడవండి."

డెర్వ్లా ముందు నడిచింది. వసారాలో మేడమెట్ల దగ్గరికి వచ్చేసరికి వీధిలో వందల అడుగుల చప్పుడు దగ్గరై, ఒక్కసారిగా ఆగింది.

"ఏమిటది?"

"ఫింటన్," అంది డెర్వ్లా. "ఇంటికి చెప్పిపోవడానికి వచ్చాడు."

అతను తేరుకునేలోపే వీధి తలుపు బార్లా తెరిచేసింది.

నల్లబండి. దాని వెనక ఊరంతా తలలు వంచి నిలబడి ఉంది. అతను క్షణంలో కడ్డీ కోటులోకి తోసి, ఆమె మోచెయ్యి పట్టుకుని, పక్కనే నిలబడి తల వంచాడు. "నోరు మెదిపావో," అన్నాడు పెదవులు కదపకుండా.

ఆ నిమిషంలో ఆ ఊళ్లో ఎవరూ ఎన్నడూ మాట్లాడలేదు. చంటిపిల్లలు ఏడ్చినా తల్లులు నోళ్లు మూస్తారు. బండి కదిలితే ఊరంతా దాని వెంట పోతుంది. ఆ తర్వాత తలుపు, తనూ, వీడూ మిగులుతారు.

"లోర్కన్," అంది. ఎవరూ తలెత్తలేదు. మళ్లీ అంది. "లోర్కన్, ఈయన మీకేమవుతాడు?"

లోర్కన్ తలెత్తాడు. ఈఫా ఎత్తింది. వీధి పొడుగునా ఒక్కొక్క తలే లేచింది.

"ఎవరు పిన్నీ ఆయన?" అన్నాడు లోర్కన్, బండిని దాటి గుమ్మం వైపు నడుస్తూ.

ఆమె మోచేతి మీది పట్టు ఎముక నొక్కుకునేంతగా బిగిసింది. తర్వాత, లోర్కన్ గుమ్మం చేరకముందే, సడలిపోయింది.