ఒకే ఇంట్లో రెండు క్లాసులు

క్లాసురూములో మైకు అక్కర్లేని గొంతు కాబట్టి పిల్లలు ఆయనకు మైకు సారు అని పేరు పెట్టారు. ఆ పేరు చెవిన పడ్డప్పుడల్లా పైకి విసుక్కుని లోపల మురిసిపోయేవాడు. యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ పాఠం చెప్పేది ఆయన, ఆయన భార్య. సెక్షన్లు రెండు, చెరొకటి. ఆయన నాణెం ఎగరేసి, బొమ్మా బొరుసా అని పిల్లల చేత పందాలు కాయిస్తుంటే వెనక బెంచీవాడు కూడా నిద్రపోడు. ఆవిడ చెబితే మూడో బెంచీ దాటి వినపడదు. "నీ పాఠం నీకూ బోర్డుకూ మధ్య రహస్యం" అని ఏడిపించేవాడు. ఆవిడ నవ్వి ఊరుకునేది. తానే గొప్పని ఎప్పుడో తేలిపోయిందని ఆయన ధీమా.

ఇంతలో మహమ్మారి వచ్చి యూనివర్సిటీకి తాళం పడింది. పాఠాలు ఇంటి నుంచే చెప్పమన్నారు. ఆయన పడగ్గదిలో దుకాణం పెట్టాడు, ఆవిడ పక్కగదిలో.

ఆయన ఎప్పటిలాగే నాణెం ఎగరేశాడు. తెర మీద పేర్లే తప్ప మొహాల్లేవు. ఎవరూ నవ్వలేదు. పైగా ఆ గొంతుకు అవతల స్పీకర్లు గరగరలాడాయట. "సార్, కొంచెం మెల్లగా" అని ఒకడు రాశాడు. మైకు సారుని మెల్లగా మాట్లాడమనడమా! ఒళ్లు మండిపోయింది.

ఆవిడ బల్ల మీద స్టూలు ఎక్కించి, దాని అంచున ఫోను పెట్టి, కెమెరా కిందికి చూసేలా సర్దుకుంది. కింద తెల్లకాగితం. పిల్లలకు కనపడేది ఆవిడ చెయ్యీ పెన్నూ మాత్రమే. ఆ చిన్న గొంతు ఇయర్‌ఫోన్లలో, పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉందట. ఆయన సెక్షన్ పిల్లలు ఒక్కొక్కరే ఆవిడ క్లాసులోకి జారుకున్నారు. ఒకరోజు గోడ అవతల నుంచి పిల్లల నవ్వులు వినపడ్డాయి. ఆవిడ జోకు వేసిందా? ఇన్నేళ్ల కాపురంలో తనకు ఒక్కటంటే ఒక్కటి చెప్పలేదే!

అప్పుడే డిపార్టుమెంటు హెడ్డు ఫోను చేశాడు. "రెండు సెక్షన్లూ కలిపేద్దాం సార్. ఒకరు పాఠం చెప్పండి, ఇంకొకరు పేపర్లు దిద్దండి. ఈ వారం ఇద్దరి క్లాసుల్లోనూ కూర్చుని తేలుస్తాను. పిల్లలు మాత్రం మేడమ్ కావాలంటున్నారు."

ఆ రాత్రి ఆయనకు అన్నం సహించలేదు. తను పేపర్లు దిద్దాలా? ఆవిడ పాఠం చెబుతుంటేనా? కుళ్లంటే ఏమిటో ఆ వయసులో తెలిసొచ్చింది.

హెడ్డు ఆవిడ క్లాసులో కూర్చున్న రోజు, ఆయన పడగ్గది తలుపేసుకుని లాప్‌టాప్‌లో సినిమాలు దింపడం మొదలెట్టాడు. ఒకటి కాదు, ఒకేసారి అరడజను. ఇంటికున్నది ఒక్కటే నెట్టు. గోడకు చెవి ఆనించాడు. "హలో... వినపడుతోందా? పిల్లలూ? ఉన్నారా?" ఆ గొంతులో కంగారు విని కొంచెం సిగ్గేసింది. దానికన్నా ఎక్కువ హాయిగా అనిపించింది. మర్నాడు మళ్లీ అదే పని చేశాడు.

ఆ క్లాసు కాగానే ఆవిడ బయటికొచ్చి, ఆయన ఎదురుగానే హెడ్డుకు ఫోను చేసింది. "మా ఇంట్లో నెట్టు నిలకడగా లేదండీ. నాకు ఎన్నిసార్లు తెగిందో మీరే చూశారు. పాఠం సారే చెబుతారు, నేను పేపర్లు దిద్దుతాను."

అలా పాఠమంతా ఆయనదైంది. మొదటి ఉమ్మడి క్లాసు గంటసేపు నడిచింది. చివర్న ఒక్కటే ప్రశ్న వచ్చింది: "మేడమ్ ఇంక రారా సార్?" లాప్‌టాప్ ఠపీమని మూసి, ఆ ఉక్రోషంతోనే పక్కగదిలోకి వెళ్లాడు.

"చూశావా, నాకు ఒక్కసారి కూడా తెగలేదు. అంతా మనం సర్దుకోవడంలో ఉంటుంది."

ఆవిడ దిద్దుతున్న పేపరు మీంచి తలెత్తలేదు. "మీరు పాఠం చెబుతున్నంతసేపూ నేను సినిమాలు దింపుకోలేదు కదండీ."

"నీకు... తెలుసా?"

"మొదటిరోజే తెలుసు. లాప్‌టాప్‌లో ఆ సినిమాలన్నీ కనపడ్డాయి. హెడ్డుగారు వింటుంటే ఏమని చెప్పను? మా ఆయన పక్కగదిలో కూర్చుని నా పాఠం ఆపుతున్నాడు అని చెప్పనా?"

ఆవిడ అరిచి ఉంటే తనూ అరిచేవాడు, గెలిచేవాడు కూడా. ఆవిడ గొంతు పెంచలేదు. ఇంత కోపాన్ని ఇన్నాళ్లు ఎలా దాచుకుందా అని, అంత సిగ్గులోనూ ఆవిడను చూసి మళ్లీ అసూయే పుట్టింది.

"రేపట్నించి నువ్వే చెప్పు" అన్నాడు చివరికి. "హెడ్డుకి ఏదో ఒకటి చెబుతాలే."

"ఏదో ఒకటి వద్దు. ఆన్‌లైన్ క్లాసు నావల్ల కాదని హెడ్డుగారు రాసేసుకున్నారు. జరిగింది జరిగినట్టు చెప్పండి. అప్పుడే నేను పాఠం చెబుతాను."

ఆవిడే నంబరు నొక్కి, ఫోను బల్ల మీదుగా ఆయన ముందుకు తోసి, మళ్లీ పేపర్లలో తల దూర్చింది. అవతల హెడ్డు "హలో, చెప్పండి మేడమ్" అన్నాడు.